వాన పడని రోజు తడిసిన హాల్ టికెట్

పని ఏమిటంటే

మనసు బాగాలేక వచ్చేవాళ్లతో మాట్లాడే చోట మీరు కొత్తగా పనికి చేరితే, మొదటి వారమే ఎవరో ఒకరు మీకు చెబుతారు: "వచ్చినవాళ్లు చెప్పింది నమ్మండి." పందొమ్మిదేళ్లు ఆ పనిలో ఉండి దిగిపోయినదాన్ని, నా మాట కొంచెం వేరు. వినండి. పూర్తిగా వినండి, మర్యాదగా వినండి. నమ్మడానికి మాత్రం తొందరపడకండి. మనిషిని అనుమానించమని కాదు. ఆ మనిషి తన గురించి తాను చెప్పుకునే కథను అనుమానించండి. దాని బదులు మీరు కట్టిచ్చే కథను అంతకన్నా ఎక్కువ అనుమానించండి.

నేను ఐదో తరగతి వరకే చదివాను, అదీ మెదక్ దగ్గర ఒక మిషన్ బడిలో. పెళ్లయ్యాక నాంపల్లికి వచ్చాను. ఆబిడ్స్ నుంచి స్టేషన్ వైపు వెళ్లే దారిలో, ఒక సందులో, కింద చెప్పుల దుకాణం, పైన రెండో అంతస్తులో మా సెంటర్. ఊడవడానికి, నీళ్లు పట్టడానికి, చాయ్ పోయడానికి, తలుపు దగ్గర కూర్చుని పేర్లు పిలవడానికి నన్ను పెట్టుకున్నారు. సెంటర్ నడిపేది వసుధ మేడం. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న. చాలా చదువుకున్న మనిషి, అయినా చదువు చూపించుకోదు.

చేరిన కొత్తలో ఒకరోజు అడిగాను, లోపల ఏం చేస్తారు మేడం అని. ఆమె చెప్పింది: "ప్రతి మనిషీ తన గురించి తనకు ఒక కథ చెప్పుకుంటాడు సుగుణమ్మా. 'నేను పనికిరానివాణ్ణి' అన్నది కూడా ఒక కథే. అది ఎవరు మొదలుపెట్టారు, అందులో ఏం వదిలేశారు, ఇంకో రకంగా చెప్పడానికి వీలుందా అని అడుగుతాను. నేరేటివ్ థెరపీ అంటారు."

"కథలు చెప్పి పంపడానికి అంత చదవాలా మేడం? మా ఇంట్ల పిల్లలకు నేను రోజూ చెప్తనే ఉంట."

ఆమె నవ్వింది. ఆ నవ్వు గుర్తుపెట్టుకుందేమో, ఏడాది తర్వాత నన్ను లోపలికి పిలిచింది.

కూర్చోవడం

ఆమె పద్ధతిలో ఒక ఆనవాయితీ ఉంది. వచ్చిన మనిషి ఒప్పుకుంటే, మూడో మనిషి ఒకరు మూలన కూర్చుని అంతా వింటారు. నోరు విప్పరు. చివర్లో వాళ్ల వంతు వస్తుంది. విన్నది తిరిగి చెబుతారు, అప్పుడు కథ చెప్పిన మనిషి వింటుంది. తన కథ ఇంకొకరి నోట వినడంలో ఏదో ఉందని మేడం అనేది. మేము దాన్ని ఉట్టిగా 'కూర్చోవడం' అనేవాళ్లం. మామూలుగా కౌన్సెలింగ్ నేర్చుకునే పిల్లలు కూర్చునేవాళ్లు. ఒకరోజు కూర్చోవలసిన అమ్మాయి రాలేదు. "సుగుణమ్మా, నువ్వు కూర్చో" అంది మేడం.

నాకు చదువు లేదు గానీ జ్ఞాపకం ఉంది. ఆ రోజు వచ్చిన ఆమె గంటసేపు మాట్లాడింది. నేను తిరిగి చెప్పేటప్పుడు ఆమె ఏ మాట దగ్గర ఆగి నీళ్లు తాగిందో, ఎక్కడ కొంగు సర్దుకుందో కూడా చెప్పాను. ఆమె బిత్తరపోయి చూసింది. మేడం కూడా. అప్పటి నుంచి నేనే కూర్చున్నాను.

ఎలా కూర్చోవాలో మేడం నేర్పింది. విన్నదాంట్లో నిన్ను ఆపిన మాట ఏదో చెప్పు. ఆ మాట వినగానే నీ కళ్ల ముందు ఏం కనబడిందో చెప్పు. నీ బతుకులో అది దేన్ని తాకిందో చెప్పు. పొగడొద్దు, సలహా ఇవ్వొద్దు. ఇవన్నీ అయ్యాక వేలు చూపించి మరీ అనేది: "ఏమీ కలపొద్దు."

సులువుగా అనిపిస్తుంది కదా. నాకూ అనిపించింది.

మా మామయ్య కత్తి

నా అనుమానం ఎక్కడ పుట్టిందో చెప్పాలి. మా ఊళ్లో శుక్రవారాలు ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూడిక ఉండేది. పాటలయ్యాక ఒక్కొక్కరు లేచి సాక్ష్యం చెప్పాలి. మునుపు నేను ఎలా ఉండేవాణ్ణి, దేవుడు నన్ను ఎలా మార్చాడు, ఇదీ వరస. మా మామయ్య ఏసుదాసు నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు చెప్పిన సాక్ష్యంలో రోజుకు కట్ట బీడీలు తాగేవాడు. రెండేళ్లకు అందులోకి కల్లు వచ్చింది. నేను పెద్దమనిషినయ్యే నాటికి ఆయన నడుముకు కత్తి పెట్టుకుని మెదక్ బజార్లో తిరిగిన రౌడీ.

కత్తి మాట మొదటిసారి విన్న రోజు వంటింట్లోంచి మా అత్తమ్మ అంది: "కత్తా? ఉల్లిగడ్డ కోయమంటె చేతులు వణుకుతయ్ ఈయనకు. దేవుని ముందర గిన్ని కోతలా!"

మామయ్య అబద్ధాలకోరు కాదు. మంచివాడు. కానీ వెనకటి రోజులు ఎంత నల్లగా ఉంటే ఇప్పటి వెలుగు అంత తెల్లగా కనబడుతుంది. వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటుంటే, చెప్పేవాళ్లకు ఇంకొంచెం చెప్పాలనిపిస్తుంది. నాకు ఆ సంగతి బాగా తెలుసు. పన్నెండేళ్లప్పుడు నేను లేచి సాక్ష్యం చెబితే ముసలమ్మలు ఏడ్చారు. ఎక్కడ గొంతు తగ్గించాలి, ఎక్కడ ఆగాలి, ఏ మాట చివరకు దాచిపెట్టాలి, అన్నీ ఆ కూడికల్లో నేర్చుకున్నాను.

కాబట్టి మేడం 'కథను ఇంకో రకంగా చెప్పడం' అన్నప్పుడల్లా నాకు మామయ్య కత్తే గుర్తొచ్చేది.

ఒక్క ఉదాహరణ చెప్పి ముందుకు పోతాను. ఉస్మాన్‌గంజ్‌లో హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒకాయన వచ్చేవాడు. సంసారంలో తాను ఓడిపోయానని ఆయన బాధ. మేడం పద్ధతిలో, మనిషి వేరు, మనిషిని పట్టిన సమస్య వేరు. ఆరు వారాలకు ఆయన ముఖం తేటపడింది. "ఇప్పుడు అర్థమైంది మేడం. కోపం అంటే నేను కాదు, నా దగ్గరకు వచ్చి పోయే మనిషి" అన్నాడు. మూడో మనిషి వద్దన్నాడు కాబట్టి నేను బయటే ఉన్నాను, పక్కన బెంచీ మీద ఆయన భార్య కూర్చుని ఉంది. తలుపు సందులోంచి ఆ మాట ఇద్దరికీ వినబడింది. ఆమె నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"అక్కా, గా కోపానికి చేతులు గూడ ఉంటయా?"

ఆమెను అడిగి, ఒప్పుకున్నాకే ఆ మాట మేడంకు చేరవేశాను. మేడం మరుసటి వారం ఆయన్ను అడిగింది: "కోపం వచ్చినప్పుడు తలుపు తీసేది ఎవరండీ?" ఆయన మళ్లీ రాలేదు. అది తన ఓటమి అనుకుంది మేడం. నేను అలా అనుకోలేదు. కొత్త కథ కొందరికి ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా లాంటిది. మరక కనబడకుండా తొడుక్కుని పోతారు.

భాగ్య

ఇన్ని అనుమానాలున్న నేనే తప్పు చేశాను. ఇదంతా చెబుతున్నది అందుకే.

భాగ్యకు అప్పటికి ముప్పై ఏడేళ్లు. గన్‌ఫౌండ్రీ వైపు ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయా. పసిపిల్లల వార్డులో పుట్టిన బిడ్డలకు నీళ్లు పోయడం ఆమె పని. ఆమె చేయి పడితే బిడ్డ ఏడవదని అక్కడ పేరు. పిల్లల సంగతి వస్తే ఆమె రెండు చేతులూ వాటంతట అవే దోసిలిలా లేచేవి, మధ్యలో ఎవరో పడుకున్నట్టు.

ఆ నర్సింగ్ హోమ్‌కు కొత్త యాజమాన్యం వచ్చింది. పదో తరగతి పాసైన సర్టిఫికెట్ ఉన్నవాళ్లే వార్డుల్లో ఉండాలి, లేనివాళ్లు కింద సెల్లార్‌లో బట్టలుతికే చోటికి పోవాలి అన్నారు. మేట్రన్ భాగ్య మీద ప్రేమకొద్దీ గడువు అడిగి ఇప్పించింది. భాగ్య ఓపెన్ స్కూల్లో ఫారం నింపింది. ఆమెకు మిగిలింది లెక్కల పరీక్ష ఒక్కటే. పుస్తకం తెరిచిన మరుక్షణం మూసేసేది. మేట్రనే ఆమెను మా దగ్గరకు పంపింది.

మొదటి రోజు కుర్చీలో కూర్చోగానే, పేరు చెప్పినట్టు చెప్పింది:

"నేను ఫెయిల్ మేడం. పదోది లెక్కల్ల మూడుసార్లు ఫెయిల్. వానల హాల్ టికెట్ తడిసింది, ఆలస్యమైంది, పేపర్ చూస్తె కండ్లు తిరిగినయ్. మా అన్న అప్పుడే అన్నడు, నీ మొఖానికి సదువెందుకే అని."

రెండో వారం మళ్లీ అవే మాటలు, అదే వరసలో. మూడో వారం కూడా. నిజంగా జరిగినదాన్ని మనిషి ప్రతిసారీ ఒకేలా చెప్పడు. ఒకసారి ఒక ముక్క ముందుకొస్తుంది, ఇంకోసారి ఇంకో ముక్క జారిపోతుంది. మాట మారకుండా వచ్చేది బడిలో అప్పజెప్పే పద్యం. నా చెవి అక్కడే నిక్కబొడుచుకుంది.

మేడం తన పద్ధతిలో అడిగింది: "ఈ ఫెయిల్ అనేది మీ దగ్గరకు మొదటిసారి ఎప్పుడు వచ్చిందండీ? ఎవరు తీసుకొచ్చారు?"

భాగ్య నవ్వేసింది. "అదేమన్న సుట్టమా మేడం? సుట్టమైతె రెండు రోజులుండి పోతది. ఇది గేటు కాడ వాచ్‌మన్ లెక్క. నేను పోంగనే కట్టె అడ్డం పెడ్తది."

ఆ మాట మేడంకు ఎంతో నచ్చింది. ఆ రోజు నుంచి దాన్ని వాచ్‌మన్ అనే పిలిచాం. వాచ్‌మన్ ఏమంటాడు, ఎవరి గొంతుతో అంటాడు అని మేడం అడిగితే, "మా అన్న గొంతే మేడం" అంది భాగ్య. ఆ మాటల్లోనే ఇంకొన్ని ముక్కలు రాలాయి. ఆ ఏడాది తల్లి పొద్దున్నే పనికి పోయేదట. చెల్లెలు లక్ష్మికి ఒకసారి బాగా జ్వరం వచ్చిందట. పరీక్ష రోజు గేటు బయట కంకర మీద అరికాళ్లు చుర్రుమన్నాయట.

అరికాళ్లు చుర్రుమన్నాయి. హాల్ టికెట్ వానలో తడిసింది. రెండూ ఒకే రోజు. నేను విన్నాను, లోపల ఒక పక్కన పెట్టుకున్నాను. అక్కడే అడగవలసింది. అడగలేదు.

నేను కలిపింది

నాలుగో వారం నేను తిరిగి చెప్పే వంతు వచ్చింది. గదిలో నేర్చుకునే అమ్మాయిలు ఇద్దరున్నారు. భాగ్య తల వంచుకుని ఉంది. ఆ వంచుకున్న తల చూస్తే ఈ పిల్లను ఎలాగైనా లేపి నిలబెట్టాలి అనిపించింది.

"నాకు ఏం కనవడ్డదంటె" అని మొదలుపెట్టాను. గొంతు దానంతట అదే తగ్గింది. "ఒక ఇల్లు కనవడ్డది. అమ్మ పనికి పోయింది. చెల్లెకు ఒళ్లు కాలిపోతున్నది. అక్క చేతిల హాల్ టికెట్ ఉన్నది. అక్క గడప కాడ నిలవడి ఒకసారి బయటికి చూసింది, ఒకసారి లోపలికి చూసింది." అక్కడ ఆగాను. ఎక్కడ ఆగాలో నాకు తెలుసు కదా. "లోపలికే పోయింది."

అమ్మాయిలిద్దరూ కళ్లు తుడుచుకున్నారు. మేడం కళ్లూ తడిగానే ఉన్నాయి. భాగ్య వెక్కి వెక్కి ఏడ్చింది. "ఔ అక్కా, గట్లనే. గట్లనే ఐంది" అంది.

ఆమె ఆ మాట ఎన్నడూ చెప్పలేదు. జ్వరం ఒక చోట చెప్పింది, పరీక్ష ఇంకో చోట చెప్పింది. రెండింటినీ కుట్టింది నేను. కళ్ల ముందు కనబడింది చెప్పమన్నారు కదా, అదే చెప్పాను అని ఆ పూట నాకు నేను సర్ది చెప్పుకున్నాను. ఆ గదిలో అందరికీ ఎంత తృప్తిగా ఉందో! మీకు చెబుతున్నాను, ఆ గదిలో అందరికీ ఒకేసారి తృప్తి కలిగిందంటే అక్కడ ఏదో తేడా జరిగినట్టే.

మేడం ఉత్తరాలు రాసేది. వచ్చినవాళ్లు ఇంటికి తీసుకుపోయి, బెంగ పుట్టినప్పుడు చదువుకోవడానికి. భాగ్యకు రాసిన ఉత్తరంలో మొదటి వాక్యం: "చెల్లెలి కోసం పరీక్షను వదులుకున్న భాగ్య గారికి." భాగ్య దాన్ని కవర్లో పెట్టుకుని, కవర్ను జాకెట్లో పెట్టుకుని మెట్లు దిగింది. తేలిగ్గా దిగింది. కిటికీలోంచి చూసి నేను మురిసిపోయాను.

ఆ ఆదివారం అన్న ఇంట్లో అందరూ కలిశారు. భాగ్య ఆ ఉత్తరం చెల్లెలికి చదివి వినిపించింది. లక్ష్మి అంతా విని, పాపం, ఏ కల్మషమూ లేకుండా అందట: "నాకు జ్వరం వచ్చింది దసరాకు గదనే అక్కా. పరీక్షకు నిన్ను తోలుకపోయింది నేనే. గేటు కాడ టాటా గూడ చెప్పిన, యాది లేదా?"

అన్న పగలబడి నవ్వాడట. "లెక్కలు రాని దానికి ఇప్పుడు కాయితం మీద కథలు రాసిస్తున్నరా? మంచిగుంది!"

తర్వాతి వారం భాగ్య రాలేదు. ఆ పై వారం పొద్దున నేను తాళం తీసేసరికి తలుపు కింద కవర్ ఉంది. లోపల ఉత్తరం నాలుగు ముక్కలుగా ఉంది. పరీక్షకు ఇంకా పద్దెనిమిది రోజులే.

బెంచీ మీద

మేడం కవర్ చూసి కుర్చీలో కూలబడింది. "నేను రాయకుండా ఉండాల్సింది" అంది. "నేను కుట్టకుంట ఉండాల్సింది మేడం" అన్నాను. వెళ్లి పిలుచుకురావచ్చా అని అడిగాను. బతిమాలకు, క్షమాపణ మాత్రం చెప్పిరా అంది.

నర్సింగ్ హోమ్ వెనక గేటు దగ్గర డ్యూటీ దిగే వేళకు నిలబడ్డాను. నన్ను చూసి భాగ్య ముఖం తిప్పుకుని నడిచింది. నేనూ వెనకే నడిచాను. ఆబిడ్స్ రద్దీ దాటి నాంపల్లి దాకా వచ్చాం. ఆమె స్టేషన్‌లోకి తిరిగింది. ప్లాట్‌ఫారం మీద నీళ్ల పంపుల పక్కన ఒక బెంచీ ఉంది. తన ఇంట్లో కుర్చీ లాగి కూర్చున్నట్టు అక్కడ కూర్చుంది.

"నీ కథ మంచిగుండె అక్కా" అంది. "నాదైతె కాదు."

"కాదు. నేను కలిపిన. తప్పు నాదే, నీది కాదు."

"మరి నేను 'ఔ' ఎందుకన్న?"

"నాకు తెల్వది."

ఒక రైలు వెళ్లిపోయింది. నెల రోజులుగా లోపల దాచుకున్నది అప్పుడు అడిగాను. నెమ్మదిగానే అడిగాను, కానీ అడిగాను.

"భాగ్యా, ఆ దినం కాళ్లు కాలినయ్ అన్నవ్. హాల్ టికెట్ వానల తడిసింది అన్నవ్. మార్చి నెల. గంత ఎండల వాన యాడికెళ్లి వచ్చింది?"

ఆమె నా వైపు చూడలేదు. పక్కనున్న పంపు వైపు చూసింది.

"వాన లేదు అక్కా. గీ పంపు కిందనే తడిపిన."

అలా బయటికి వచ్చింది అసలు సంగతి. చెల్లెలు టాటా చెప్పి వెళ్లిపోయింది. భాగ్య గేటు ముందు నిలబడింది. కాళ్లు లోపలికి పోలేదు. అందరూ పోయారు, గేటు మూశారు. ఆమె నడుచుకుంటూ స్టేషన్‌కు వచ్చి ఈ బెంచీ మీద కూర్చుంది. ఇంట్లో ఏం చెప్పాలో తోచక హాల్ టికెట్‌ను పంపు కింద పట్టింది. పరీక్ష విడిచే వేళకు ఇంటికి పోయింది. ఫలితాల్లో నంబర్ లేదు. ఫెయిల్ అన్నారు. మళ్లీ ఫీజు కట్టి పంపారు, మళ్లీ ఇదే బెంచీ. మూడోసారీ ఇదే బెంచీ.

"నేను ఫెయిల్ కాలే అక్కా. నేను రాయనే లే. ఒక్కసారి గూడ రాయలే."

"మరి ఫెయిల్ అని ఎందుకు చెప్పుకుంట తిరిగినవ్?"

"మొద్దుది అంటె ఊకుంటరు. పిరికిది అంటె రోజూ అడుగుతరు."

ఇరవై ఏళ్లుగా ఆమె మోసిన ఓటమి జరగనే లేదు. ఆమెకు లెక్కలు వచ్చో రావో ఆమెకూ తెలియదు, ఎవరికీ తెలియదు. ఓటమి కథ ఎక్కువసార్లు ముసుగు. దాని వెనక ఇంకేదో ముఖం దాచుకుని ఉంటుంది. అయితే ఆ ముసుగు తీయవలసింది మనం కాదు. తీసే మనిషి పక్కన బెంచీ మీద కూర్చోవడమే మన పని.

లేచేటప్పుడు అంది: "మేడంకు చెప్త. కానీ నువ్వు మళ్ల సక్కగ చేయకు అక్కా. చెల్లె లేదు, వాన లేదు. భయమైంది. గంతే."

ఆరబెట్టడం

రెండు రోజులకు వచ్చి మేడం ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది. మేడం ముందుగా ఉత్తరం గురించి క్షమాపణ అడిగింది. నాకు ఆమె మీద గౌరవం పెరిగిన రోజుల్లో అదొకటి. కానీ ఆ తర్వాత చూడండి, పాత అలవాటు ఎక్కడికి పోతుంది?

"అంత భయం ఉన్నా మూడుసార్లు గేటు దాకా వెళ్లారు కదా భాగ్య గారూ. అందులో మీ ధైర్యం..."

"ఇంట్ల పంపిన్రు మేడం, పోయిన. ధైర్యం లేదు, ఏం లేదు."

మేడం సిగ్గుపడి నవ్వింది. నేను మూలన కూర్చుని లోలోపల భేష్ అనుకున్నాను. తీపి మాటను తుపుక్కున ఉమ్మేయడం వచ్చిందంటే ఆ మనిషి కోలుకుంటున్నట్టే.

అప్పుడు మేడం మామూలుగా అడిగింది: "తడిపాక ఆ హాల్ టికెట్‌ను ఏం చేశారు?"

"బెంచీ మీద ఆరవెట్టిన."

"ఇంట్లో చూపించడానికే కదా తడిపారు. మరి ఆరబెట్టడం ఎందుకు?"

ఈ ప్రశ్నకు భాగ్య దగ్గర పద్యం లేదు. మొదటిసారి ఆమె వెతుక్కోవడం చూశాను.

"ఏమో మేడం... దాని మీద నా పేరు ఉండె. పూరా పేరు. ఇంటి పేరుతోని. ఇంకా అలుక్కుపోలే. చెరిగిపోతదేమో అని."

నా వంతు వచ్చింది. నా పందొమ్మిదేళ్లలో అంత కష్టమైన చెప్పడం ఇంకోటి లేదు. గొంతు తగ్గుతానంటుంది, నేను తగ్గనివ్వలేదు. "పంపు కింద తడిపిన అన్నరు. బెంచీ మీద ఆరవెట్టిన అన్నరు. పేరు చెరిగిపోతదేమో అన్నరు" అన్నాను. ఆగిపోయాను. నా బతుకులో అది దేన్ని తాకిందో కూడా చెప్పాలి కదా. "నేను ఐదోదాంట్ల బడి మానేసిన. మా నాయిన మాన్పించిండని అందరికి చెప్త. మా నాయిన మాన్పియ్యలే. నాకే పోబుద్ధి కాలే" అన్నాను. అప్పటిదాకా నేనూ ఎవరికీ చెప్పని సంగతి అది. నా పెనిమిటికి కూడా తెలియదు.

భాగ్య నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు గూడ దొంగవే అక్కా" అంది. ముగ్గురం నవ్వాం.

పరీక్ష రోజు

తోడు వస్తానన్నాను. ఒప్పుకోలేదు.

"గేటు కాడికి రాకు. ఎవరన్న టాటా చెప్తె నా కాళ్లు పోవు. నువ్వు స్టేషన్ల కూసో. నా బెంచీ మీద. నువ్వు కూసుంటె నాకు ఆడ జాగ ఉండది."

నేను వెళ్లి కూర్చున్నాను. పక్కన చేతిసంచి పెట్టి బెంచీ అంతా ఆక్రమించాను. మూడు గంటలు. అనుమానం నా రక్తంలోనే ఉందేమో, లోపలికి వచ్చే ప్రతి ఆడమనిషి నడకా భాగ్య నడకలాగే కనబడింది. ఒకామె నీలం చీరలో పంపు దగ్గరకు వస్తుంటే సంచి పట్టుకుని సగం లేచాను. ఆమె సీసాలో నీళ్లు పట్టుకుని వెళ్లిపోయింది. పరీక్ష విడిచే వేళ దాటింది. భాగ్య రాలేదు. గేటు నుంచి ఇంకెక్కడికైనా పోయిందేమో, కోఠిలో బస్సెక్కిందేమో అని కూడా అనుకున్నాను.

వచ్చింది. చేతిలో మడత పెట్టిన ప్రశ్నపత్రం. చెమటతో ముఖమంతా జిడ్డోడుతోంది. "జరుగక్కా" అని సంచి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఎట్ల రాసినవ్?"

"తెల్వది. నాలుగు వచ్చినయ్. రెండు వదిలేసిన. మిగిలినయి ఏదో రాసిన."

"ఫెయిలైతె?"

"ఐతె ఐత. గీసారి నిజంగ ఐత."

మీరు ఇక్కడ కళ్లు తుడుచుకోవడానికి సిద్ధంగా ఉంటారు. నాకు తెలుసు, ఎక్కడ ఆపితే ఏడుస్తారో నాకు తెలుసు. కాబట్టి ఇక్కడ ఆపను.

ఫలితాలు వచ్చిన రోజు ఫోన్ చేసింది. "అక్కా, ఇరవై తొమ్మిది! ఫెయిల్!" అని నవ్వుతోంది. ఆ నవ్వును నేను చెవి పెట్టి వెతికాను. అడుగున ఏడుపు కూడా ఉంది. దాన్ని గెలుపు అని నేను మీకు చెప్పను. ఒకటో తారీఖు నుంచి ఆమెను సెల్లార్‌కు పంపారు. ఒకరోజు పోయి చూశాను. ట్యూబ్‌లైట్ కింద పసిపిల్లల బట్టలు మడతపెడుతోంది. పైనుంచి ఏదో బిడ్డ ఏడుపు వినబడితే చేతులు ఆగి, మళ్లీ మడత పెట్టసాగాయి. "ఎవలో తల సరిగ్గ పట్టుకుంటలేరు" అంది.

మడతల గుట్ట పక్కన లెక్కల పుస్తకం ఉంది. మళ్లీ వచ్చే పరీక్షకు ఫారం ఆమే స్వయంగా నింపి పంపింది. మేడంతో గానీ, నాతో గానీ చెప్పలేదు.

"మరి నేను మళ్ల స్టేషన్ల కూసోవాల్నా?" అని అడిగాను.

భాగ్య ఒక చిన్న చొక్కా దులిపి, నా ముఖం కేసి చూసింది.

"వద్దక్కా. ఈసారి గేటు కాడనే నిలవడు. టాటా చెప్పు."